ఆముదం పూసిన రంపం

నలభై రెండో పెట్టెలోని రాతికడ్డీని రంపం బల్ల మీద పడుకోబెట్టి, గంగులప్ప రెండు పక్కలా చెక్కలు బిగించాడు. కిటికీలో ఉన్న ఆముదం సీసా వైపు వెళ్లిన చెయ్యి దారిలోనే ఆగిపోయింది.

కడ్డీ ముంజేయంత మందాన, బూడిదరంగులో, పొరలు పొరలుగా ఉంది. రేఖ మేడమ్ దాన్ని షేల్ అంటుంది. ఎక్కడో ఉత్తరాన కంపెనీవాళ్లు తవ్విన బావిలోంచి తీసి, మదనపల్లెలో ఒకప్పుడు టమోటాలు దింపిన ఈ గోడౌనుకు పంపుతారు. గంగులప్ప దాన్ని నిలువునా రెండుగా కోస్తాడు. అందులో చమురుందో లేదో మేడమ్ చూస్తుంది. ఉంటే రెండో బావి తవ్వుతారు, గోడౌను ఇంకో రెండేళ్లు నడుస్తుంది. లేకపోతే నెలాఖరుకు తాళం.

ఇరవై ఎనిమిదేళ్లు బోరు లారీ మీద పుంగనూరు నుంచి కుప్పం దాకా పైపులు మోసిన ఒంటికి, నీడపట్టున దొరికిన మొదటి పని ఇదే. కుడి చెవి వినపడదు. ఎడమ చూపుడువేలు పైపుల మధ్య నలిగి సగమే మిగిలింది. అరచేతులు ఎండిన చెరువులా బీటలు తీశాయి.

పోయిన వారం నీళ్లు పోసి కోస్తుంటే రాయి తడిసి, అప్పడంలా విరిగిపోయింది. సూపర్‌వైజర్ రాజగోపాల్ అందరి ముందూ తిట్టాడు. మర్నాడు గంగులప్ప ఇంటినుంచి సీసా తెచ్చి, బండి ఇరుసుకు పూసినట్టు రంపానికి ఆముదం పూశాడు. రాయి సబ్బులా తెగింది. "అదీ పనంటే, పెద్దాయనా!" అన్నాడు రాజగోపాల్, ఎలా తెగిందో అడక్కుండానే. అలా ఏడు పెట్టెలు కోశాడు.

ఈరోజు పొద్దున మేడమ్ కేకేసింది. "గంగులప్పా, బిరీన రా! ఇట్ల పట్టుకో, సూడు!"

నల్లగుడ్డ కట్టిన మూలలో, నీలిలైటు కింద, కోసిన రాయి లేతగా మెరుస్తోంది. చమురుంటే అలా మెరుస్తుందట. మేడమ్ కుప్పం పిల్ల, ఇది ఆమె మొదటి ఉద్యోగం. ఆనందంతో చప్పట్లు కొట్టింది. "హైదరాబాదుకు చెప్పేసినా. మూడు గంటలకు పెద్దసార్లు ఫోన్లోకి వస్తారు."

గంగులప్ప రాయిని చూడలేదు. రాయిని పట్టుకున్న తన బొటనవేలిని చూశాడు. అదీ అలాగే మెరుస్తోంది. చెయ్యి గబుక్కున పంచె మడతలో దాచుకున్నాడు.

మధ్యాహ్నం సంగటి గిన్నె ముందేసుకుని కూర్చున్నాడు. బోరు లారీ రోజుల్లో, నిమ్మనపల్లె దగ్గర గురప్ప అనే రైతు చేను గుర్తొచ్చింది. నాలుగువందల అడుగులకీ దుమ్మే. ఆ దుమ్ము అణగాలని గంగులప్పే బోరులో రెండు బకెట్ల నీళ్లు పోశాడు. ఆ తడే పైకొచ్చింది. గురప్ప ఆ బురదను దోసిట పట్టి, "వచ్చేసిందప్పా గంగమ్మ!" అని పెళ్లాం నుదుట పెట్టాడు. బోరుకు డబ్బు అడుగుల లెక్కన; డ్రైవరు గంగులప్పకు కన్నుగీటి, ఇంకో పైపు దింపమన్నాడు. ఆ తర్వాత ఇంకోటి. గంగులప్ప నోరు విప్పలేదు. సాయంత్రానికి గురప్ప పాడావులు రెండూ బోరు బాకీ కింద అమ్ముడై, పెద్దపంజాణి నుంచి వచ్చిన బేరగాడి వెంట నడిచిపోయాయి. నీళ్లు పడలేదు.

ఆ నుదుటి మీది బురద ఆయనకు ఇరవై ఏళ్లుగా ఆరలేదు.

చెయ్యి కడుక్కుని, సీసా తీసుకుని మేడమ్ బల్ల ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఆ మెరిసేది సమురు కాదమ్మా. నా ఆముదం."

ఆమె నవ్వింది. "ఏంది గంగులప్పా, ఎగతాళా?"

"రంపానికి పూసినా. రాయి ఇరిగితే తిడతారని. ఏడు పెట్టెలు."

నవ్వు ఆగిపోయింది. కాగితం మీద ఒక చుక్క వేసి లైటు కింద పెట్టింది. అదే మెరుపు. ఇంకా కోయని నలభై రెండో కడ్డీని సుత్తితో పగలగొట్టి, లోపలి ముక్క పెట్టింది. చీకటి. ఇంకో ముక్క. చీకటి.

"ముందే యాల చెప్పలేదు?" అంది, సుత్తి కింద పెట్టి.

"నాకూ పొద్దున్నే తెలిసిందమ్మా. చెప్పేదానికి ఇంత పొద్దు పట్టింది."

సంగతి తెలిసి రాజగోపాల్ మాత్రం మండిపడ్డాడు. "గమ్మునుంటే నీ సొమ్మేమన్నా పోతాదా? అందరి కూట్లో మన్ను కొట్టినావు గదప్పా!"

"వినపడలేదు సార్," అన్నాడు గంగులప్ప. రాజగోపాల్ నిలబడింది వినపడే చెవి వైపే.

మూడు గంటలకు మేడమ్ ఫోన్లో ఉన్నదున్నట్టు చెప్పింది. తప్పు తనదేననీ, రంపాన్ని తను చూసుకోవాల్సిందనీ అంది. అవతలివాళ్లు ఎక్కువసేపు మాట్లాడలేదు. రెండో బావి లేదు. రంపం మనిషి రేపటినుంచి రానక్కర్లేదు.

ఆ మాట చెప్పడానికి ఆమె లేచి వచ్చేసరికి, ఆయన రంపాన్ని గుడ్డతో తుడిచి, పళ్లల్లో ఇరుక్కున్న రాతిపొడిని పుల్లతో తీస్తున్నాడు. ఆమె ముఖం చూసి తలూపాడు.

"పోయొస్తానమ్మా. పుంగనూరు బస్సు నాలుగున్నరకుండాది."

చెప్పులు తొడుక్కుని, సంగటి గిన్నె చంకన పెట్టుకుని, వాకిట్లో ఒక్క క్షణం ఆగాడు. వెనక్కి తిరగలేదు.

అందరూ వెళ్లాక కూడా నల్లగుడ్డ వెనక నీలిలైటు ఆర్పాలని ఎవరికీ తోచలేదు. దాని కింద ఉదయం ఆయన పట్టుకున్న రాయి అలాగే ఉంది. అంచు మీద ఒక బొటనవేలి గుర్తు, బీటలతో సహా, మెరుస్తూ ఉంది.