కరెంటు రాహుకాలం

కుక్కలకి వేసే బిస్కెట్లు కోటు ఎడమ జేబులో, టార్చిలైటు కుడి జేబులో పెట్టుకుని కొండల్ రావు మరో ఇంటి వెనక్కి నడిచాడు. రాత్రి పడిన మంచు గడ్డకట్టి బూట్ల కింద అప్పడంలా విరుగుతోంది. గోడ పక్కన పెరిగిన పొదని మోచేత్తో ఒత్తిపట్టి, కరెంటు మీటరు అద్దాన్ని చేతితొడుగుతో తుడిచి, లోపలి ముళ్ళు చూసి అంకెలు రాసుకున్నాడు. ఆ మీటర్లలో ఒక ముల్లు కుడికి తిరిగితే దాని పక్కది ఎడమకి తిరుగుతుంది. కొత్తవాళ్ళు అక్కడే బోల్తా పడతారు. అతనికా బాధ లేదు. వరంగల్లో ఏళ్ళ తరబడి చేసిందీ ఇదే పని.

ఏడు సముద్రాలు దాటొచ్చి మళ్ళీ మీటరు ముందే నిలబడ్డానని తనమీద తనే నవ్వుకునేవాడు. అక్కనీ బావనీ స్పాన్సర్ చేసి రప్పించిన బావమరిది భీమశంకర్, స్నేహితుల దగ్గర మాత్రం "మా బావగారు పవర్ సెక్టార్‌లో ఉన్నారు" అని చెప్పి గబగబా మాట మార్చేసేవాడు. కొండల్ రావుకి కోపం రాదు. కోపం తెచ్చుకునే శక్తంతా మంచులో నడవడానికే సరిపోయేది. పిల్లలు లేరు. ఆ మాట ఎత్తుకోవడం మొగుడూ పెళ్ళాం ఎప్పుడో మానేశారు. అమెరికాలో, వర్జీనియా రాష్ట్రం హెర్న్‌డన్‌లో చిన్న అద్దె ఇల్లు, అందులో నాగమణి, ఆమె ఉబ్బసం, ఇవీ అతని సంసారం.

ఆ ఇంట్లో గోడల అడుగున పొడవాటి కరెంటు హీటర్లు ఉన్నాయి. చలి తగలనివ్వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పంతొమ్మిది వందల ఎనభై రెండు చలికాలం కరెంటు బిల్లు చూసి నాగమణి రెండు రోజులు సరిగా తిండి తినలేదు. ఆ తర్వాత అతను పనిచేసే కరెంటు కంపెనీ కొత్త రేటు ఒకటి పెట్టింది. ఇష్టమైనవాళ్ళు చేరవచ్చన్నారు. పొద్దున్న ఏడు నుంచి పన్నెండు వరకు, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది వరకు ఊరంతా కరెంటు వాడుతుంది కాబట్టి అప్పుడు యూనిట్ ధర మూడింతలు. మిగతా వేళల్లోనూ, శని ఆదివారాల్లోనూ చవక. కొండల్ రావు సంబరంగా చేరిపోయాడు.

నాగమణికి మాత్రం ఒక పట్టాన తలకెక్కలేదు. "యూనిట్ యూనిటే గదా. పొద్దుగాల ఒక ధర, పగటీలి ఒక ధర ఏంది?" అంది.

వెయ్యి వాట్ల హీటరు గంటసేపు వెలిగితే ఒక యూనిట్ అని మొదలుపెట్టాడు. మార్కెట్లో పొద్దుటి టమాటాల ధరా సాయంత్రం మిగిలిన టమాటాల ధరా ఒకటేనా అని అడిగాడు. ఆమె కనుబొమల ముడి వీడలేదు. చివరికి సరదా పుట్టి ఒక మాట అన్నాడు.

"గట్ల సమజ్ గాకపోతే, కరెంటుకు గది రాహుకాలం అనుకో. ఆ టైంల ఏదీ మొదలువెట్టొద్దు."

నాగమణి ముఖం విప్పారింది. రాహుకాలం ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. కొండల్ రావు ఉద్దేశంలో అది బట్టల మిషనుకీ ఓవెనుకీ సంబంధించిన ముచ్చట. హీటరు సంగతి వేరని చెప్పాలని అతనికి తట్టలేదు. మరుసటి నెల బిల్లు బాగా తగ్గితే, నా పెళ్ళాం ఎంత పొదుపరి అని మురిసిపోయాడు. ఎక్కడ తగ్గిందో చూసుకోలేదు. అతను ఇల్లు వదిలేది ఏడు కాకముందే, తిరిగి వచ్చేసరికి ఇల్లు వెచ్చగా ఉండేది. సాయంత్రం మాత్రం, మంచులో తిరిగొచ్చిన మనిషని, ఆమె హీటరు ఆపేది కాదు.

ఆ పొద్దున అతను మీటర్లు చదువుతున్న వీధి చివరి ఇల్లు రాధారాణిది. గుంటూరావిడ. మీటరు చదవడానికి వచ్చినప్పుడల్లా వెనక తలుపు తీసి కాఫీ ఇస్తుంది. ఆ రోజు కప్పు చేతికిస్తూ కాసేపు తటపటాయించింది.

"అన్నయ్యగారూ, వదినగారు పొద్దున్నపూట హీట్ ఆఫ్ చేసుకుని కూర్చుంటున్నారు, మీకు తెలుసా? నిన్న కారులో అటు వెళ్తూ ఆగాను. ఇల్లంతా ఐసులా ఉంది. ఇదేంటి వదినా అంటే, రాహుకాలం అన్నారు. నాకేం అర్థం కాలేదు."

కొండల్ రావుకి అర్థమైంది. ఒక ఫోన్ చేసుకుంటానని అడిగాడు. అవతల చాలాసేపు మోగాక నాగమణి ఎత్తింది.

"హీట్ పెట్టినవా?"

"పన్నెండు గాలే గదా. గాంగనే పెడ్త." మాటకీ మాటకీ మధ్య ఊపిరి పిల్లికూతలా వినిపిస్తోంది.

అదంతా ఉత్తదే, నేను నవ్వులాటకి అన్నానని చెప్పాలి. రాధారాణి పక్కనే నిలబడి చూస్తోంది. తన పరిహాసం పట్టుకుని పెళ్ళాం చలిలో కూర్చుందని పరాయి ఆడమనిషి ముందు ఒప్పుకోవడానికి అతనికి నోరు రాలేదు.

"ఇప్పుడే పెట్టు. మిగతాది ఇంటికొచ్చి చెప్త."

"సరే తియ్. పైలంగ తిరుగుండ్రి, మంచు జారుతది."

నాగమణి 'సరే తియ్' అన్నదంటే వినదని అతనికి తెలుసు. కానీ పన్నెండుకి ఎంతోసేపు లేదు. ఆ కాస్త సేపట్లో ఏమవుతుందిలే అనుకున్నాడు. మిగిలిన వీధులు తిరిగాడు. ఆఫీసుకెళ్ళి, పాత రేటుకే మార్చెయ్యమని సూపర్‌వైజర్‌కి చెప్పాడు. వచ్చే నెల నుంచి మారుతుందన్నాడాయన. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. ముందు తిడుతుంది, తర్వాత నవ్వుతుంది, ఆ తర్వాత చాయ్ పెడుతుంది అనుకున్నాడు.

ఇల్లు చేరేసరికి నాలుగు దాటింది. తలుపు దగ్గరికి పోకుండా ముందు ఇంటి పక్కకి నడిచాడు. హీటర్లన్నీ వెలుగుతుంటే మీటర్లో చక్రం గిరగిరా తిరుగుతుంటుంది. అది కళ్ళారా చూసి లోపలికెళ్దామనుకున్నాడు.

చక్రం బద్ధకంగా కదులుతోంది. ఫ్రిజ్ ఒక్కటే నడిచేటప్పుడు అలా తిరుగుతుంది. అతను చూస్తుండగానే ఫ్రిజ్ కూడా ఆగినట్టుంది, చక్రం నిలిచిపోయింది. పన్నెండు ఎప్పుడో దాటిపోయింది. ఈపాటికి హీటర్లన్నీ వెలుగుతూ ఉండాలి. కొండల్ రావుకి లోపలికి వెళ్ళకముందే తెలిసిపోయింది.

ఆమె వంటింటి కిటికీ పక్కన కుర్చీలో ఉంది. అతని పాత కోటు తొడుక్కుని, చెవుల మీదికి శాలువా లాక్కుని, తల గోడకి ఆనించి కళ్ళు మూసుకుంది. చెయ్యి పట్టుకున్నాడు. అది గది ఎంత చల్లగా ఉందో అంత చల్లగా ఉంది. గదిగదికీ తిరిగి హీటర్లన్నీ పెట్టాడు. ఏం చెయ్యాలో తెలియని మనిషి చెయ్యగలిగింది అదొక్కటే. అవి టిక్కుటిక్కుమంటూ వేడెక్కుతుంటే వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"రాహుకాలం ఉత్తగనే అన్ననే, నాగమణీ," అన్నాడు. "నీకు సమజ్ గావాలని అన్న."

తర్వాత అంబులెన్స్ వచ్చింది, భీమశంకర్ వచ్చాడు. ఆమె ఊపిరితిత్తులకి గది వెచ్చగా ఉన్నా జరిగేదేనని డాక్టరు చెప్పాడట. భీమశంకర్ ఆ మాట అతనికి రెండుసార్లు చెప్పాడు, రెండోసారి భుజం మీద చెయ్యి వేసి. కొండల్ రావు తల ఊపాడు. నమ్మలేదు. ఇక ఎన్నేళ్ళు బతికినా నమ్మడు.

ఆమెని తీసుకెళ్ళాక ఇల్లు ఉడికిపోతోంది. మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాడు. గట్టు మీద రైస్ కుక్కర్ ఉంది. ఇద్దరికి సరిపడా బియ్యం కడిగి, ఎసరు పోసి, మూత పెట్టి ఉంచింది. బియ్యం నాని, ఉబ్బి, నీళ్ళన్నీ తాగేశాయి. వైరు చుట్ట విప్పి, పన్నెండు కాగానే గుచ్చడానికి వీలుగా, ప్లగ్గుని సాకెట్టు కిందే ఆనించి పెట్టింది.