అంటించని కవరు

మద్రాసు చూలైలో స్టిక్కర్ బొట్లు తయారుచేసే తిరువేంగడానికి రెండు గర్వాలు ఉండేవి. తన బొట్టు ఎంత చెమట పట్టినా ఊడి రాదన్నది ఒకటి. పోస్టాఫీసుకు తాను ఒక్క పైసా ఎక్కువ ఇవ్వనన్నది రెండోది. మొదటిది పూర్తిగా నిజం కాదు గానీ, రెండో విషయంలో ఆయన్ను వేలెత్తి చూపగలిగినవాడు ఆ చుట్టుపక్కల వీధుల్లో లేడు.

ఊరూరా ఉన్న ఫ్యాన్సీ కొట్లకు శాంపిల్ అట్టలు పంపడం ఆ వ్యాపారానికి ప్రాణం. వాటిని ఉత్తరం రేటుకు పంపితే కొంప మునుగుతుంది. అదే మూత అంటించకుండా లోపలికి మడిచి, చేతిరాత ఉత్తరమేదీ పెట్టకుండా, పైన తమ అడ్రసుతో ఉన్న ‘బుక్ పోస్ట్’ ముద్ర కొడితే తక్కువలో పోతుంది. పోస్టాఫీసువాళ్ళు కావాలంటే తెరిచి చూసుకోవచ్చు, అదీ షరతు. కవరు యాభై గ్రాములు దాటిందా, ఇంకో స్టాంపు. అందుకని అట్టల అంచులు కత్తిరించాలి, పిన్నుకు బదులు దారం కట్టాలి, దారం పొడవుంటే అదీ తుంచాలి. ఈ తెలివంతా తిరువేంగడానిది. చేసే చేతులు మాత్రం ఆయన చెల్లెలు పుష్పవల్లివి.

ఆమెకు ముప్పై ఆరేళ్ళు. పదేళ్ళుగా అదే పని. కవరును అరచేతిలో పెట్టుకుని, “రెండు గ్రాములు ఎక్కువుండాది అన్నా” అందంటే, తక్కెడలో వేసి చూసినా అంతే ఉండేది. జీతం లేదు. ఇంటి మనిషికి జీతమేమిటి? సంబంధాలు వచ్చినప్పుడల్లా తిరువేంగడం ‘ఈ సీజను దాటనీ’ అనేవాడు. చెడ్డవాడేం కాదు, చెల్లెలంటే ప్రాణమే. కాకపోతే ఆమె వెళ్ళిపోతే ఆ పనికి ఇద్దర్ని పెట్టుకోవాలి, ఆ సంగతి ఆయన మనసులో ఏ మూలో మెదులుతూనే ఉండేది. సీజన్లు దాటుతూ పోయాయి. సంబంధాలు రావడం మానేశాయి.

గూడూరులో ఫ్యాన్సీ స్టోరు ఉన్న కామేశం నాలుగేళ్ళ కిందట ఒక్కసారి సరుకు చూసుకోవడానికి మద్రాసు వచ్చాడు. నలభై దాటిన మనిషి, భార్య పోయి చాలా కాలమైంది. వచ్చేసరికి తిరువేంగడం బ్యాంకుకు పోయి ఉన్నాడు. బయట కుండపోత. తడిసిన గొడుగు గుమ్మంలో ఆనించి, ఆమె అడ్రసులు రాస్తుంటే చూస్తూ రెండు గంటలు కూర్చున్నాడు.

“ఆ కవర్ల మింద రాసేది మీరేనా? రాంగానే నేను ముందు పైన రాత చూస్తానండీ. నా పేరు ఇంత బాగుంటాదని నాకే తెలీదు,” అన్నాడు.

పుష్పవల్లి కాఫీ ఇచ్చింది. “ఈ వానలో ఎట్లా పోతారు, కొంచేపు ఉండి పోండి,” అంది. జరిగింది అంతే. అంతమాత్రానికేనా అని మీరు అనవచ్చు. ఆమెకు అంతమాత్రం కూడా అంతకుముందు ఎవరూ అనలేదు.

ఆ తర్వాత అతని ఆర్డర్లు పోస్టుకార్డు మీద వచ్చేవి. వచ్చిన టపా ఏదైనా తిరువేంగడం గట్టిగా పైకి చదవాల్సిందే. మెరూన్ రౌండు పది డజన్లు, నల్ల చుక్క అయిదు డజన్లు, చివర ఎప్పుడూ ఒకే వాక్యం: ‘ఆడ వానలు పడతా ఉండాయా?’ మే నెలలో కూడా అదే.

“ఈయనకేం పట్టింది! అగ్ని నక్షత్రం ఎండల్లో వాన ఏడ పడతాది?” అని తిరువేంగడం పడీ పడీ నవ్వేవాడు.

పుష్పవల్లి నవ్వేది కాదు. ఆ ప్రశ్న అన్నకు కాదని ఆమెకు తెలుసు. జవాబు చెప్పాలని ప్రాణం కొట్టుకునేది. ఒక ఇన్లాండ్ లెటరు కొని రాయలేకపోయిందా అంటే, కొనగలదు. కానీ అంటించిన కాగితమంటే ఆమెకు భయం. అంటించావంటే లోపల ఏదో ఉన్నట్టే, ఎవరైనా అడిగితే చెప్పుకోవాలి. ఎవరు తెరిచి చూసినా ఫరవాలేని కవర్ల మధ్య ఆమె వయసంతా గడిచిపోయింది. అందుకని గూడూరు అడ్రసు అన్నిటికంటే ఆఖరున, కొత్త పాళీతో, తీరిగ్గా రాసేది. ఆమె చెప్పగలిగింది అదొక్కటే.

తొంభై ఏడులో పోస్టు రేట్లు పెంచారు. తిరువేంగడానికి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు పెళ్ళివారింటి కబురు తెచ్చినవాడిలా వెలిగిపోతూ వచ్చాడు.

“పుష్పా, గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, ఆ పక్క పదకొండు కొట్లకీ ఇకమీదట పోస్టు లేదు. అంతా ఒకే మూట కట్టి లారీ సర్వీసులో నెల్లూరు డీలరుకు వేసేస్తాం. వాళ్ళు ఆడికి పోయి తీసుకుంటారు, ఆర్డర్లు కూడా ఆయనకే చెప్పుకుంటారు. సగానికి సగం మిగులు, చూడు!”

“గూడూరుకు కూడానా అన్నా?”

“గూడూరేమన్నా పైనించి ఊడిపడిందా? శనివారం పంపేదే ఆఖరు.”

కవర్లు పోవు, కార్డులు రావు. పదకొండు కొట్లలో ఒక కొట్టుగా కామేశం ఏ నెల్లూరు డీలరు పుస్తకంలోనో కలిసిపోతాడు. బతికున్న మనిషే, మూడు గంటల రైలు దూరంలోనే ఉంటాడు, అయినా మళ్ళీ అతని మాట ఒక్కటి కూడా చెవిన పడదు. ఆ సాయంత్రం అట్టలు కత్తిరిస్తూ పుష్పవల్లి వేలు కోసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం అన్న కునుకు తీస్తుండగా రాసింది. ‘మీరు నాలుగేళ్ళుగా అడుగుతున్నారు. ఈడ వాన పడినప్పుడల్లా మీకు చెప్పాలనిపించింది. పడనప్పుడు కూడా అనిపించింది. ఇకమీదట మీకు ఈ అడ్రసుకు రాసే పని ఉండదు. పని లేకపోయినా రాస్తారా? పుష్పవల్లి.’ పండక్కి వచ్చిన డబ్బులోంచి ఉత్తరం రేటుకు సరిపడా స్టాంపు కొనుక్కొచ్చింది. విడిగా ఒక తెల్ల కవరు తీసుకుని గూడూరు అడ్రసు రాసి, ఉత్తరం పెట్టి, మర్నాటి కవర్ల అడుగున దాచింది. అన్నీ అయ్యాక ఆఖరున దీన్ని అంటించాలి, పోస్టు డబ్బాలో తనే వేయాలి అనుకుంది.

శనివారం బల్ల మీద యాభై కవర్లు. పోస్టాఫీసులో టపా సంచీ నాలుగింటికి వెళ్ళిపోతుంది. తిరువేంగడం సైకిలు పట్టుకుని గుమ్మంలో నిలబడి, “కానీ, కానీ, టైమవతా ఉండాది!” అని తరుముతున్నాడు. కవరు తీయడం, మూత లోపలికి మడవడం, ముద్ర కొట్టడం, తక్కువ స్టాంపు అంటించడం. కవరు, మూత, ముద్ర, స్టాంపు. పదేళ్ళ అలవాటున్న చేతులు మనసును అడగలేదు. ఆఖరున ఉన్న తెల్ల కవరు కూడా ఆ చేతుల కిందే పడి, మూత లోపలికి మడుచుకుని, బుక్ పోస్టు ముద్ర వేయించుకుని, కట్టలో చేరి సైకిలెక్కింది.

బల్ల తుడుస్తుంటే జిగురు సీసా కింద ఆమె కొన్న స్టాంపు కనిపించింది. చెప్పులు కూడా వేసుకోకుండా పోస్టాఫీసుకు పరుగెత్తింది. సంచీ వెళ్ళిపోయింది.

ఏమవుతుందో ఆమెకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. తెరిచి చూస్తారు, లోపల చేతిరాత ఉత్తరం ఉంటుంది. తక్కువైన దానికి రెండింతలు డ్యూ వేసి, తీసుకునేవాడిని కట్టమంటారు. కట్టనివాడికి కవరు ఇవ్వరు. తిరువేంగడమేమో ప్రతి కొట్టువాడికీ గొప్పగా చెప్పి ఉన్నాడు: ‘నా కవరుకు డ్యూ అడిగితే తీసుకోవద్దు, తిప్పి పంపండి, నేను ఇంకోటి పంపుతా’ అని. కామేశం చెప్పిన మాట వినే మనిషి.

అయినా కడతాడేమోనని ఎదురు చూసింది. పైన రాత చూస్తాడు కదా. ఒక్క కాఫీ ఖరీదు, అంతేగా. పొద్దున పదకొండింటికి పోస్టుమాన్ సైకిలు గంట వినిపిస్తే ఆమె చేతిలో కత్తెర ఆగిపోయేది. రాకపోతే సంతోషం, తిరిగి రాలేదంటే అతను తీసుకున్నాడేమో. మధ్యాహ్నానికి ఆ సంతోషం కరిగిపోయేది, తీసుకున్నవాడు జవాబు రాయడా అని. అతని గొంతు గుర్తు తెచ్చుకుందామంటే సరిగ్గా వచ్చేది కాదు. వాన చప్పుడే వచ్చేది. తొమ్మిది రోజులు అలా గడిచాయి.

పదోనాడు పోస్టుమాన్ ఆరుముగం గుమ్మంలోంచే కేకేశాడు. “సార్, కవరు రిటర్న్ వందిరుక్కు! డ్యూ కట్టండి!”

“నా కవరుకు డ్యూనా?” తిరువేంగడం ముఖం ఎర్రబడింది. డబ్బు ఆరుముగం చేతిలో పారేసి, కవరు మూత ఎత్తి, శాంపిల్ అట్టలకు బదులు కాగితం చూసి, అలవాటు చొప్పున గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. “మీరు నాలుగేళ్ళుగా అడుగుతున్నారు. ఈడ వాన పడినప్పుడల్లా...” గొంతు ఆగిపోయింది. మిగతాది కళ్ళతోనే చదివాడు.

“ఆయన దీన్ని చదివినాడా?” అన్నాడు చివరికి.

“చదవాలంటే ముందు డ్యూ కట్టాల కదా అన్నా.”

“నాతో ఒక మాట చెప్పుండకూడదా పుష్పా?”

“సీజను దాటనీ అనుంటావు.”

తన లెక్కలన్నిటిలోకీ పెద్ద మిగులు ఏదో తిరువేంగడానికి అప్పుడు తెలిసింది. చెల్లెలి ముఖం చూడలేకపోయాడు. సొరుగు లాగి, ఎన్నడూ లేనిది, స్టాంపుల అట్ట మొత్తం ఆమె ముందు పెట్టాడు.

“వద్దు. నా దగ్గరుండాది,” అంది పుష్పవల్లి.

కొత్త కవరు మీద గూడూరు అడ్రసు రాసింది. ఉత్తరం పెట్టి, మూత అంచుల దాకా జిగురు పూసి, ఆరిందాకా అరచేత్తో అదిమిపట్టుకుంది. బరువు ఎంతో చూడలేదు. తనే పోస్టాఫీసుకు పోయి, చేతికి అందినట్టు కార్డు తిరిగి వచ్చే రిజిస్టరు పోస్టు కావాలంది. కౌంటరులో ఉన్నాయన ఆమెను ఎరుగును. “మీ అన్నకు తెలుసామ్మా? ఇది చాలా అవుతుందే,” అన్నాడు.

“కానీండి. ఆయన చేతికే ఇయ్యాల. సంతకం కావాల,” అంది.

ఆరు రోజుల తర్వాత, పదకొండింటికి, ఆరుముగం గుమ్మంలో నిలబడి చేతిలోని కార్డును తిప్పి తిప్పి చూశాడు. పదేళ్ళుగా ఆ గడప తొక్కుతున్నవాడు. “పుష్పవల్లి యారుమ్మా?” అని అడిగాడు.

తిరువేంగడం చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నాడు.

“నేనే,” అంది ఆమె.

కార్డు మీద మాటేమీ లేదు. అందినట్టు తేదీ, కింద కొంచెం వంకరగా ‘కామేశం’ అని సంతకం. చదివాడు, ఇప్పటికి చదివే ఉంటాడు. ఏమనుకున్నాడో ఆ మూడక్షరాల్లో ఎంత వెతికినా దొరకలేదు. ఆమె వెతకడం మానలేదు. మర్నాడు పొద్దున పీటను గోడ దగ్గర్నుంచి జరిపి, వాకిలికి ఎదురుగా వేసుకుని కూర్చుంది.