ఏటిగట్టు మీద పొయ్యిలు

"ఎన్ని పొయ్యిలు?" అని అడిగేడు ఎమ్మార్వో.

మేమందరం ఏటిగట్టు మీద వరసగా కూచుని కొబ్బరి చిప్పల్లో గంజి తాగుతున్నాం. మా కామందు సోమేశ్వరరావు గారి గుమస్తా కేశవరావు ఆఫీసరుకి గొడుగు పట్టి నిలబడ్డాడు. మా ముందున్న పెద్ద గంగాళం కేసి చెయ్యి చూపించేడు.

"ఒక్కటేనండి. అదిగోనండి. వీళ్ళంతా మా బాబుగారి మనుషులేనండి. ఉన్న గుడిసెలు మావి, తింటున్న తిండి మాది."

ఎమ్మార్వో రాసుకున్నాడు. మా నోళ్ళలో గంజి ఉంది, ఎవరం మాట్లాడలేదు. చివర కూచున్న దానమ్మ మామ్మ మాత్రం చిప్ప కింద పెట్టేసి, "నా పొయ్యి రాయలేదేంటండీ?" అంది. వినిపించుకున్నవాడు లేడు. జీపు వెళ్ళిపోయింది.

కాలేజీ నించి ఇంత దూరం వచ్చి అడుగుతున్నారు కదా మీరు, "నాగమణక్కా, గవర్నమెంటు డబ్బు చేతికిస్తే పేదోడి బతుకు మారుద్దా" అని. ఎనభై ఆరు వరదప్పటి సంగతి చెప్తాను. పూర్తిగా వినండి. మధ్యలో లేచి బస్సుకి టైమైందంటే మాత్రం ఊరుకోను.

మేం సోమేశ్వరరావు గారి లంక తోటలో ఉండేవాళ్ళం. కొబ్బరి దింపు తీస్తే కాయ మొయ్యడం, ఒలవడం, తోట కాపలా, అన్నీ మావే. గుడిసె వేసిన జాగా ఆయనది, పైన కప్పిన కొబ్బరి కమ్మలు ఆయనవి. అందుకని కూలి ఆయన ఇచ్చిందే కూలి. పక్క తోటలో ఓ రూపాయి ఎక్కువిస్తున్నారని వెళ్ళేమా, సాయంత్రానికి కేశవరావు గుమ్మంలో దిగేవాడు. "బాబుగారు కమ్మలు విప్పించమన్నారమ్మా" అనేవాడు, అదీ నవ్వుతూ. వానాకాలంలో పిల్లల్నేసుకుని ఎక్కడికి పోతాం? నోరు మూసుకుని ఆయన తోటలోకే వచ్చేసేవాళ్ళం.

ఆ ఆగస్టులో ఎర్రనీళ్ళు తోటలోకి వచ్చేయి. పిల్లల్నీ మేకల్నీ తోలుకుని అందరం గట్టెక్కేం. దానమ్మ మామ్మ కూడా ఎక్కింది. ఆవిడ కొడుకు ఏలీయా వెనకాలే వస్తానన్నాడు, రాలేదు. దింపిన కాయ తోటలో రాసి పోసి ఉంది. అది కొట్టుకుపోకుండా చుట్టూ దడి కట్టి కాపలా ఉండమని బాబుగారి ఆర్డరు. మొగుడు లేందే కదలనని కోడలు మేరీ చంటిపిల్లనెత్తుకుని అక్కడే కూచుంది. పొద్దువాలే వేళకి ఏరు ఒక్క ఊపున లేచింది. మేం గట్టు మీంచి గొంతులు పగిలేలా అరుస్తానే ఉన్నాం. ఏలీయా గుడిసె కప్పు తేలుకుంటా పోవడం ఈ కళ్ళతో చూసేను. కాయా పోయింది, మనుషులూ పోయేరు. శవాలు కూడా దొరకలేదు, పాతిపెట్టి ఓ ప్రార్థన చేసుకుందామన్నా.

నీరు తీసేక వెళ్ళి చూస్తే ఎక్కడ చూసినా ఒండ్రే. మామ్మ తన గుడిసె ఉన్న చోటు గుర్తుపట్టి చేతుల్తో తవ్వింది. అడుగున ఆవిడ పొయ్యి ఉంది. ఊక కలిపి మెత్తిన మట్టిపొయ్యి, అంచు కూడా విరగలేదు. మామ్మ దాని పక్కన కూలబడి, "ఇదిగో, ఆడు పిలుస్తున్నాడే" అంది.

"ఎవరు మామ్మా?"

"ఏలీయా. అమ్మా, వండేవా, అంటున్నాడు."

అప్పట్నించి సాయంత్రమైతే చాలు, గట్టు దిగి నీటి అంచున నిలబడేది. "లేదురా, ఇంకా లేదు" అని ఏటికి జవాబు చెప్పేది. మాకేం వినబడేది కాదు. అయినా ఆవిడ అలా అంటుంటే మేమూ మాటలాపేసి చెవులు రిక్కించేవాళ్ళం. నిజం చెప్పొద్దూ, భయమేసేది.

ఇంతలో కబురొచ్చింది. గుడిసె పోయిన ప్రతి కుటుంబానికీ గవర్నమెంటు డబ్బు, ఎవరికి వాళ్ళకి చేతికే ఇస్తారంట. మరి కుటుంబమంటే ఏంటి? వేరే పొయ్యి పెట్టుకుంటే వేరే కుటుంబం, మా వైపు లెక్కదే. ఎమ్మార్వో పొయ్యిలెందుకు లెక్కబెట్టేడో, సోమేశ్వరరావు గారు అంత ప్రేమగా గంగాళం ఎందుకు ఎక్కించేరో అప్పుడు గానీ మా బుర్రకెక్కలేదు. ఆకలికి ఆ గంజి తాగుతూ మా పొయ్యిలు మేమే ఆర్పేసుకున్నాం. గుడిసెలు ఆయనవి, మేం ఆయన పొయ్యి మీద బతికేవాళ్ళం అని రాసేస్తే ఆ డబ్బంతా ఆయనకే.

ఆ సాయంత్రం ఆయనే గట్టు మీదకొచ్చేరు. "కంగారు పడకండర్రా. డబ్బు మీ చేతిలో పడితే సారా కొట్టుకి పోద్ది. నేను తీసుకుని కొత్త వెదురుతో, కొత్త కమ్మతో మీ గుడిసెలు మళ్ళీ నిలబెట్టిస్తాను. మీరు నా బిడ్డలు కారేంటి?" అన్నారు. అబ్బ, ఎంత తియ్యగా అన్నారో! కొంతమంది కళ్ళు కూడా తుడుచుకున్నారు.

ఆయన వెళ్ళగానే గొడవ మొదలైంది. మాలో పెద్దవాడు అబ్బులన్నయ్య లేచేడు. "ఆయన్ని కాదంటే రేపు గంజి కూడా ఉండదు. పిల్లల మొహాలు చూడండర్రా."

"ఆయన కట్టిస్తే గుడిసె ఆయనదే కదన్నయ్యా" అన్నాను. "ఆ డబ్బు మన చేతిలో పడితే ఈ గవర్నమెంటు గట్టు మీదే సొంత గుడిసె వేసుకుంటాం. అప్పుడు కమ్మలు విప్పుతానని ఎవడొస్తాడో చూద్దాం."

"కూలీ సంఘమోళ్ళ మాటలు బాగా నేర్చేవు."

"నేర్చేను. అయితే ఏంటంట?"

"ఏంటా? రేపు పస్తుంటే సంఘం వచ్చి పెడుద్దా?"

ఇలా మేం కొట్టుకుంటుంటే దానమ్మ మామ్మ కొంగులో ఒండ్రు మోసుకొచ్చి గట్టు మీద పోసింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తెచ్చింది. కూచుని పొయ్యి మెత్తడం మొదలెట్టింది.

"వండడానికి గింజ లేదు, పొయ్యెందుకు మామ్మా?" అన్నాడు అబ్బులన్నయ్య.

"రోజూ అడిగేవాడికి ఏదో ఒకటి చెప్పాలి కదరా. కనీసం పొయ్యన్నా పెట్టేనని చెప్తాను" అంది.

నేను వెళ్ళి మట్టిలో ఊక కలిపేను. అబ్బులన్నయ్య పెళ్ళాం సత్యవేణి మొగుడికేసి ఓ చూపు చూసి, లేచి తనూ మట్టికి వెళ్ళింది. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు ఆడోళ్ళందరూ లేచేరు. చీకటి పడే వేళకి గట్టు పొడుగునా తడి పొయ్యిలే.

మర్నాడు గంజి గంగాళం వచ్చింది. ఎవరం లేవలేదు. ఆ వాసనకి పిల్లలు గోల. నా చిన్నది కొంగు పట్టి లాగితే ఓ లెంపకాయ వేసి, తరవాత దాన్ని పట్టుకుని నేనే ఏడ్చేను. సంఘం వాళ్ళు చందాలెత్తి కాసిని అటుకులు పంపేరు, అవే పిల్లల నోట్లో పోసేం. గంజి అలాగే గడ్డకట్టింది. కేశవరావు బండెక్కించి పట్టుకుపోయేడు.

డబ్బు పంచే రోజు ఎమ్మార్వో నోట్ల పెట్టెతో, పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చేడు. సోమేశ్వరరావు గారు కుర్చీ వేయించుకు కూచున్నారు. గట్టంతా పొగ. ప్రతి పొయ్యి మీదా కుండ ఉంది, ప్రతి కుండ వెనకాలా మనుషులు నిలబడ్డారు. ఎమ్మార్వో ఓ మూత తీసి చూసేడు. వెనకనించి కేశవరావు పకపకా నవ్వేడు. "ఉత్త నీళ్ళండీ! అంతా నాటకమండీ!"

"ఆయ్, నీళ్ళేనండి" అంది మామ్మ. "ఎసరు పెట్టుకున్నాం. బియ్యం తమరి పెట్టెలో ఉన్నాయండి."

జనం గొల్లుమన్నారు. ఎమ్మార్వో కుర్చీ కేసి చూసేడు, మా కేసి చూసేడు. అంత మందిమి ఒక్కసారి ముందుకు జరిగేం. "సరే, పొయ్యి పొయ్యికీ రాయండి" అన్నాడు. రాసుకుంటూ వచ్చి మామ్మ పొయ్యి దగ్గర ఆగేడు.

"నీ పొయ్యిలో ఎవరెవరు?"

"నేనూ, కొడుకు ఏలీయా, కోడలు మేరీ, చంటిదీనండి."

"ఏరీ?"

మామ్మ ఏటి కేసి చెయ్యి చూపించింది.

"వాళ్ళు పోయేరండి" అన్నారు సోమేశ్వరరావు గారు కుర్చీలోంచే. "ఒంటి ముసలిది. ఎవరి పొయ్యిలోనన్నా కలిపెయ్యండి."

"అలాగే రాయండి బాబూ, పోయేరనే రాయండి. ఎవరి కాయకి కాపలా కాస్తా పోయేరో అది కూడా రాయండి."

కుర్చీలో మనిషి లేచి నిలబడ్డాడు. ఆయన మొహం చూసి ఎమ్మార్వో కలం జేబులో పెట్టేసేడు. "ఆ పొయ్యి వదిలెయ్యండి, మిగతావాళ్ళకి పంచెయ్యండి" అన్నాడు. మొదటి పేరు అబ్బులన్నయ్యది. నోట్లు చాపేరు.

అబ్బులన్నయ్య రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "ముందు మామ్మ పొయ్యి రాయండి. తరవాతే నాది" అన్నాడు.

ఎన్ని పేర్లు పిలిచినా అదే మాట. ఆకలికి కళ్ళు తిరుగుతున్న మనుషులు, ఎదర చాపిన డబ్బు ముట్టుకోకుండా నిలబడ్డారు. పేర్లు అయిపోయేక కామందు మనిషి ఒకడు ఉరికొచ్చి మామ్మ పొయ్యిని కాలితో తన్నేడు. కుండ పగిలింది, వేడినీళ్ళు ఆవిడ పాదాల మీద పడ్డాయి. ఆ తరవాత ఎవరు ఎవర్ని తోసేరో నాకు తెలీదు. లాఠీలు లేచేయి. మామ్మనీ, నన్నూ, ఇంకొంతమందినీ జీపులో పడేసేరు.

డబ్బు వచ్చింది పిల్లలూ. మండలాఫీసు ముందు కూచోగా కూచోగా, మామ్మతో సహా ఎవరి చేతికి వాళ్ళకే వచ్చింది. గట్టు మీద గుడిసెలు లేచేయి. తరవాత దింపుకి కేశవరావు మా గుమ్మాల ముందు నిలబడి కూలెంతని అడిగేడు, మేం చెప్పిందే ఇచ్చేడు. అదే డబ్బు ఆయన చేతిలో పడుంటే మా మెడకే చుట్టేవాడు. అందుకని ఎంతిచ్చేరని కాదు, ఎవరు నిలబడి పుచ్చుకున్నారని అడగండి.

ఆ జీపు మాత్రం నాకు ఇప్పటికీ కలలోకొస్తుంది. పొద్దువాలుతోంది, ఏలీయా అడిగే వేళ. కాలిన పాదాలు పట్టించుకోకుండా మామ్మ కంగారు పడిపోతోంది. "పొయ్యి పోయింది కదే, ఇప్పుడు ఆడికేం చెప్పనే?"

"వెనక్కి చూడు మామ్మా" అన్నాను.

గట్టు మీద అబ్బులన్నయ్య మోకాళ్ళ మీద కూచుని విరిగిన పొయ్యి మళ్ళీ మెత్తుతున్నాడు. సత్యవేణి కొత్త కుండ పట్టుకు నిలబడింది. ఇంకా అవతల, అదే గట్టెక్కి, మాతో కలవడానికి భయపడి తమ కామందు గంజే తాగుతున్న పక్క తోట వాళ్ళు కూడా ఆ గంగాళం వదిలేసి ఎవరి పొయ్యి వాళ్ళు రాజేస్తున్నారు. ఆ పొగంతా ఏటి మీదకి వాలుతోంది.

మామ్మ జీపు కమ్మీ పట్టుకుని లేచి నిలబడింది. కానిస్టేబులు "కూచో ముసలమ్మా" అని కసిరేడు. వినిపించుకోలేదు.

"వండుతున్నార్రా ఏలీయా!" అని అరిచింది. "గట్టంతా వండుతున్నార్రా!"

జీపులో ఉన్న మేమందరం ఏటి కేసి తిరిగి అదే మాట అరిచేం.