చేతి బరువు

పొద్దున టీ తాగి గ్లాసు కడిగి పెట్టాక, కూతురు తండ్రి మంచం పక్కన కూర్చుని ఆయన కుడి అరచేతిలో తన అరచెయ్యి పెట్టేది. ఆయన కళ్లు మూసుకుని వదిలేవాడు. చేతి బరువంతా ఆమెలోకి దిగేది. ఆమె చెయ్యి తడి దుప్పటిలా వేలాడిపోయేది, ఆయన వేళ్లు మెల్లగా కదిలేవి. పక్షవాతం వచ్చిన చేతి బరువుని రక్తసంబంధం ఉన్నవాళ్లు మోయొచ్చని ఆ వీధిలో అందరికీ తెలుసు. అయితే మోసేవాళ్లు తమంతట తాము దించుకోలేరు, రోగే అరచెయ్యి చాచి వెనక్కి తీసుకోవాలి.

ఫిజియోథెరపిస్టు కూడా అదంతా చూసుకునే ప్లాన్ వేసి గోడకి అంటించింది. పొద్దున కూతురు, మధ్యాహ్నం ఆయన తమ్ముడు.

"బరువు లేనప్పుడే వేళ్లు పని నేర్చుకుంటాయండీ. ఈ కొన్ని నెలలే ముఖ్యం. బిగుసుకుపోయాక నేను చెయ్యగలిగేది ఏమీ ఉండదు," అంది.

ఆయన తాళంచెవులు చేసేవాడు. వేళ్లు పోతే ఆయనకిక పనీ లేదు, షాపూ లేదు. కూతురేమో ప్రెస్సులో కాగితం కోసే మిషన్ దగ్గర పనిచేసేది. వేలాడే చేత్తో అక్కడికి వెళ్తే ఆమె వేళ్లు దక్కవు. అందుకని ఆమె బయల్దేరే వేళకి ఆయన బరువు వెనక్కి తీసుకునేవాడు, తప్పు చేసినవాడిలా తల దించుకుని.

ఇక మధ్యాహ్నం. తమ్ముడు ఫోన్లో మాత్రం ఠంచనుగా వచ్చేవాడు.

"రేపు వస్తా వదినా. షాపులో ఊపిరాడట్లేదు. రేపు ఖచ్చితంగా."

వదిన ఫోన్ పెట్టేసి పళ్లు నూరేది. ఆ బరువు భార్యకి దిగదు. దిగేదైతే రెండు చేతులా మోసేది. "చెయ్యి పట్టుకుని పని నేర్పారు వాడికి. ఇప్పుడు చూడు, ఎలా చెయ్యిచ్చాడో!" అనేది కూతురితో.

ఒకరోజు కూతురు ప్రెస్సు నుంచి వస్తూ షాపు వైపు చూసింది. తండ్రి బోర్డు దింపేసి ఉంది. కొత్త బోర్డు మీద బాబాయి పేరు ఇంకా ఆరలేదు. తండ్రి కూర్చునే పొట్టి స్టూలు బయట ఎండలో పడుంది, దాని మీద రంగు డబ్బా. ఆమెకి ఏడుపు రాలేదు. ఆ డబ్బా ఎత్తి బాబాయి నెత్తిన కుమ్మరించాలనిపించింది, కానీ అది చాలదనిపించి ఇంటికి వచ్చేసింది.

తండ్రికి మాట కూడా పోయింది. తల్లి గ్లాసు చూపించి "నీళ్లు", చెప్పు చూపించి "చెప్పు" అంటూ రోజూ పాఠం చెప్పేది. ఆయన మాత్రం ఉలకడు, పలకడు. చివరికి ఒకనాడు, "ఏం కావాలండీ?" అంటే, "రేపు," అన్నాడు. రోజూ ఫోన్ స్పీకర్లో విన్న మాటే నోటికి పట్టుబడింది మరి. తల్లి నవ్వి, ఆ తర్వాత ఏడ్చింది. క్రమంగా నీళ్లు, రా, చాలు అనే మాటలు కూడా వచ్చాయి.

వేళ్లు మాత్రం ముడుచుకోవడం మొదలెట్టాయి. సరిగ్గా అప్పుడే బాబాయి ఊడిపడ్డాడు, షాపు ఓనర్ని వెంటబెట్టుకుని. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అన్నయ్య ఇంక లేవడు కదమ్మా. షాపు నాకే ఇస్తామంటున్నారు సారు."

"నాకు కాగితాలొద్దు," అన్నాడు ఓనరు. "పెద్దాయన తన చేత్తో తాళంచెవి నీకిస్తే చాలు. నా కళ్లతో చూస్తాను."

కూతురు లోపలినుంచి షాపు అసలు తాళంచెవి తెచ్చింది. తండ్రి ఎడమ చెయ్యే దగ్గరగా ఉన్నా, చుట్టూ తిరిగి వెళ్లి కుడి అరచేతిలో పెట్టింది.

"తీసుకో బాబాయ్."

"ఎడం చేత్తో ఇవ్వొచ్చు కదే?"

"నాన్న ఎప్పుడైనా ఎడం చేత్తో తాళంచెవి ఇవ్వగా చూశావా?"

బాబాయి గుమ్మం దాటి మంచం దగ్గరికి వచ్చాడు. తాళంచెవి మెరుస్తోంది. తనని పెంచిన అన్నయ్య, తనకి హాని చేస్తాడా? చేసినా సాయంత్రానికి తీసేసుకోడూ? జేబులోంచి చెయ్యి తీసి ఆ అరచేతి మీద పెట్టాడు.

ఈసారి అన్న కళ్లు మూసుకోలేదు. తమ్ముడినే చూస్తూ వదిలేశాడు.

తాళంచెవి ఠంగుమని నేల మీద పడింది. తమ్ముడి చెయ్యి భుజం నుంచి జారి వేలాడింది. అన్న కిందికి వంగి, కుడి చేతి రెండు వేళ్లతో తాళంచెవి తీసి, చొక్కాకి తుడిచి జేబులో వేసుకున్నాడు. తల్లి ఓనరుకి కుర్చీ వేసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

బోర్డు మళ్లీ మారింది. తమ్ముడు ఇప్పుడు రోజూ షాపుకి వస్తాడు, మధ్యాహ్నమే, ఎవరూ పిలవకుండానే. ఆ రంగు మరకల స్టూలు మీద కూర్చుని, కుడి చేతిని ఎడం చేత్తో ఎత్తి బల్ల మీద పెడతాడు.

"అన్నయ్యా, ఇవాళైనా వెనక్కి తీసుకో."

అన్న ఆకురాయితో తాళంచెవి పళ్లు రుద్దుతుంటాడు. రుద్దిన పొడి ఊది, వెలుతురుకి ఎత్తి చూసుకుంటాడు.

"రేపు," అంటాడు.