దుప్పటి మడతల మధ్య

ఆ లాండ్రీ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. అడగాల్సిన పనేముంది, అన్నీ బట్టలే చెప్పేస్తాయి. ప్లీడరు గారు సిగరెట్లు మానలేదన్న సంగతి ఆయన భార్య కంటే ముందు ఆయన కోటు జేబు వీళ్లకి చెప్పింది. ఎదురింటి మేడ మీది కొత్త జంటకి పడటం లేదని దిండు గలీబుల మీది కాటుక చెప్పింది. తెలిసింది కడుపులో దాచుకుని, ఉతికి, ఇస్త్రీ చేసి, ఏమీ ఎరగనట్టు నవ్వుతూ ఇచ్చెయ్యడం వాళ్ల వ్యాపార ధర్మం. గిరాకీ తగ్గకపోవడానికి అదే కారణం. ఆ ధర్మాన్నే ఇంట్లోనూ పాటించడంతో వచ్చింది చిక్కంతా.

ఇంట్లో ఉన్నది ముగ్గురు ఆడవాళ్లు. వాషింగ్ మెషిన్ల మీద పెత్తనం అమ్మమ్మది. ఇస్త్రీ ఆమె కూతురిది. ఆ కూతురి కూతురు పదహారేళ్ల పిల్ల. పసితనంలో సబ్బు నురగలోంచి లేవనని మారాం చేసేదని దానికి బుడగ అని పేరు పడిపోయింది. బుడగ తల్లికి ముప్పై మూడేళ్లు. లెక్క కట్టుకున్నవాళ్లు తల్లినోసారి, పిల్లనోసారి చూసి ఊరుకుంటారు.

ఒక ఉదయం అమ్మమ్మ కూతురి మోచెయ్యి పట్టుకుని మెషిన్ల మధ్యకి లాక్కెళ్లింది. అక్కడైతే ఆ చప్పుడులో ఎవరికీ ఏమీ వినపడదు.

"చన్నీళ్ల బకెట్ కనబడిందే నీకు?"

"ఏ బకెట్?"

"బుడగది. రెండు నెలల్నించీ లేదు."

నెత్తుటి మరక వేడినీళ్లు తగిలితే మొండికేస్తుంది. చన్నీళ్లలో నానితేనే వదులుతుంది. అందుకని ఆ ఇంట్లో ప్రతి నెలా బాత్రూం మూల ఓ చన్నీళ్ల బకెట్ ప్రత్యక్షమయ్యేది. దాన్ని చూసి ఎవరూ ఏమీ అనరు, కానీ అందరూ చూస్తారు. ఆ బకెట్ రాలేదంటే అర్థమేంటో తల్లికి వేరే చెప్పక్కర్లేదు. ఆ గాభరాలో వదిలేసి వచ్చిన ఇస్త్రీపెట్టె సంగతి మరిచిపోయింది. మాడు వాసనకి ఇద్దరూ పరుగెత్తేసరికి పోస్ట్‌మాస్టరు గారి తెల్లచొక్కా వీపు మీద అది తన ముద్ర తాను వేసుకుంది.

"నువ్వడుగు," అంది తల్లి, మాడిన చొక్కాని దులుపుతూ.

"నేనడిగితే ఏడ్చేస్తానే. నువ్వే అడుగు. అప్పట్లో నీ బట్టల్లో కూడా..." అని అమ్మమ్మ నాలుక కరుచుకుంది.

ఆమె ఆ మాట ఏనాడూ పూర్తి చెయ్యలేదు. పదహారేళ్లకి తనకి కడుపొచ్చిన సంగతి తనకంటే ముందు అమ్మమ్మకే తెలుసనీ, బట్టల్లో చదివి కూడా నోరు విప్పలేదనీ కూతురికి తెలుసు. ఇప్పుడు ఒళ్లు మండిపోయింది. మండి ఏం లాభం? తను మాత్రం బుడగకి ఏం చెప్పింది కనక? చెప్పాలని ఎన్నిసార్లో అనుకుంది. 'నాలాగా చెయ్యొద్దే' అంటే, పిల్ల దాన్ని 'నువ్వు పుట్టకుండా ఉండాల్సింది' అని వింటుందేమోనన్న భయంతో ప్రతిసారీ ఆ మాట మింగేసింది.

మధ్యాహ్నం లాడ్జీ దుప్పట్లు ఆరాయి. లాడ్జీ దుప్పటి ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. చెరో కొసా పట్టుకుని ఒకసారి విదిలించి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి, మళ్లీ వెనక్కి నడవాలి. బుడగ ఒక కొస పట్టుకుంది, తల్లి రెండోది. దగ్గరికొచ్చినప్పుడల్లా అడుగుదామనుకుంది తల్లి.

మొదటిసారి దగ్గరికొచ్చినప్పుడు, "ఆకలేస్తోందా?" అంది.

"ఇప్పుడేగా తిన్నాను."

రెండోసారి, "వికారంగా ఏమన్నా ఉంటోందా?" అంది.

"ఎందుకుంటుంది? వంట బాగానే ఉందిగా."

అలా పుల్లటివి తినాలనిపిస్తోందా, కళ్లు తిరుగుతున్నాయా అంటూ ఊరంతా తిరిగిందే కానీ అసలు వీధిలోకి అడుగు పెట్టలేకపోయింది. ఈలోగా దుప్పట్లు అయిపోయాయి. తల్లికి ఏం తోచిందో, మడతపెట్టిన దొంతర మీంచి ఒకటి తీసి బర్రున విప్పేసింది.

"అమ్మా, అది మడతపెట్టిందే!"

"మడత సరిగ్గా కుదర్లేదు. పట్టుకో... బకెట్ ఏదే?"

"ఏ బకెట్?"

"చన్నీళ్ల బకెట్."

బుడగ దుప్పటితో సహా దొంతర మీద పడి, కడుపు పట్టుకుని నవ్వింది. "అమ్మో! అందుకా వికారాలూ, కళ్లు తిరగడాలూ! నావి నేనే ఉతుక్కుంటున్నాను, మీరు లేవకముందే. అమ్మమ్మ నా నెలని రోజూ పేపరు చదివినట్టు చదువుతుంటే నాకెంత సిగ్గుగా ఉంటుందో తెలుసా?"

ఆరేసిన చీరల వెనక ఎవరో దగ్గారు. ఆ దగ్గు అమ్మమ్మదే.

తల్లికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంక చాలు, గండం గడిచింది, పోయి ఇస్త్రీ చూసుకుందామనుకుంది. కానీ ఈసారి బుడగే దొంతర మీంచి ఒక దుప్పటి తీసి విప్పింది.

"ఎలాగూ అడిగావు కాబట్టి, నేనూ ఒకటి అడుగుతాను. అరవకూడదు."

"అరవను."

"మొదటిసారికి ఏమీ కాదంటారు. నిజమేనా?"

"ఎవరంటారు?" అని తల్లి అరిచింది. వెంటనే, "అరవలేదు, గొంతే అంత," అని సర్దుకుంది.

"క్లాసులో అందరూ. వాడు కూడా." బుడగ ముఖం ఎర్రబడింది. "మంచివాడేనమ్మా. ఇంకా ఏమీ లేదు. కాదంటే మాట్లాడ్డం మానేస్తాడేమోనని..."

తల్లి దుప్పటి కొస గట్టిగా పట్టుకుంది. "మొదటిసారికే వచ్చావే నువ్వు," అంది.

అన్నాక ఇక ఆగలేదు. ఒక దుప్పటి మడిచి ఇంకోటి విప్పుతూ మొత్తం చెప్పేసింది. ఏమీ కాదని తనకీ చెప్పారనీ, తనూ కాదనలేకపోయిందనీ. లోపల ఏం జరుగుతుందో చెప్పిన మనిషి ఒక్కరూ లేరనీ. అయిదో నెల దాకా ఎవరికీ చెప్పుకోలేక, ఒంట్లో రక్తం లేక బడిలోనే పడిపోయిందనీ. మళ్లీ ఆ బడి మెట్లెక్కలేదనీ. కాన్పులో డాక్టర్లు ఆశ వదులుకున్నంత పని చేశారనీ, పుట్టిన పిల్ల చూస్తే రెండు అరచేతుల్లో ఇమిడిపోయిందనీ. "అప్పటికి మీ నాన్నకి పద్దెనిమిదేళ్లే. హడలిపోయి పారిపోయాడు. ఇప్పటికీ నీ పుట్టినరోజుకి ఫోన్ చేస్తాడు, తేదీ మాత్రం తప్పు. నువ్వు గుక్కపట్టి ఏడిస్తే నిన్ను ఊరుకోబెట్టడం రాక పక్కన కూర్చుని నేనూ ఏడ్చేదాన్ని."

బుడగ చేతిలోని కొస జారి నేలకి తగిలింది. "అంటే నేను పొరపాటునా అమ్మా?"

ఇన్నేళ్లూ భయపడింది ఈ ప్రశ్నకే. తల్లి దుప్పటిని అలాగే వదిలేసి పిల్ల ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"కాదు. నాకు చెప్పాల్సినవాళ్లు చెప్పకపోవడం పొరపాటు. నువ్వు కాదు. నిన్ను చూశాక నువ్వు లేకపోతే బాగుండునని ఒక్కరోజూ అనుకోలేదే. నేను ఇంకాస్త పెద్దదాన్నైతే బాగుండునని మాత్రం రోజూ అనుకున్నాను. నీకు ఇంకొంచెం తెలివైన అమ్మ దొరికేది."

"ఇప్పుడొచ్చిందిగా తెలివి," అంది బుడగ ముక్కు ఎగబీలుస్తూ. "మడతపెట్టిన దుప్పట్లన్నీ విప్పి పారేశావు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. తల్లి కళ్లు తుడుచుకుంది. "కాదంటే మాట్లాడ్డం మానేసేవాడైతే మాననీ. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ ఉంది. మీ వయసు పిల్లల్ని తిట్టకుండా కూర్చోబెట్టి చెబుతుంది, ఏం జరుగుతుంది, జాగ్రత్తలేంటి, కాదని ఎలా చెప్పాలి, అన్నీ. నాకు సరిగ్గా తెలియనివి కూడా. రేపు వెళ్దాం."

చీరల వెనకనుంచి అమ్మమ్మ బయటికొచ్చింది. కొంగుతో ముఖమంతా తుడుచుకుంటోంది. "నేనూ వస్తానే. నాకు మాత్రం ఏం తెలుసని నీకు చెప్పను? మా అమ్మ నాకు చెప్పింది ఒక్కటే ముక్క. ఆ మరకలకి వేడినీళ్లు వాడొద్దని."

పదిహేడేళ్లుగా దాచుకున్న కోపం ఎక్కడ పెట్టిందో తల్లి వెతుక్కున్నా దొరకలేదు. వెళ్లి అమ్మమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

బుడగ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని ఆలోచిస్తోంది. "అయితే రేపు వాణ్నీ రమ్మంటాను," అంది. "మధ్యలో నేనొక్కదాన్నే నేర్చుకోవడమేంటి? మొదటిసారికి ఏమీ కాదని కూసింది వాడు కదా. వాడూ కూర్చుని వినాలి. రానంటే వాడి మంచితనం ఏపాటిదో తెలిసిపోతుంది."

తల్లికి పదహారేళ్లప్పుడు ఈ మాట తట్టలేదు. తట్టి ఉంటే చదువు సాగేది, ఎక్కడో ఏదో ఉద్యోగం చేస్తూ ఉండేది. ఇలా నడుం మీద చేతులు పెట్టుకుని దబాయించే ఈ పిల్ల మాత్రం ఉండేది కాదు. తనకు తట్టనందుకు ఆమె జీవితంలో మొదటిసారి సంతోషించింది. దీనికి తట్టినందుకు మాత్రం సంతోషం పట్టలేక, బుడగనీ అమ్మమ్మనీ కలిపి ఒకేసారి కావలించుకుంది.