తొంభైతొమ్మిది దగ్గర ఆగిన మొక్క

ఇరవై ఏళ్ళపాటు నేను రాసిన రాతల్లో ఒక్కటీ ఈ రోజు ఎక్కడా లేదు. కాలిపోలేదు, వరదలో కొట్టుకుపోలేదు, ఎవరూ నిషేధించలేదు. అడ్రసు కొడితే తెల్లటి తెర వస్తుంది, అంతే.

నేను కాపీరైటర్ని. ప్రకటనలకి మాటలు రాసేదాన్ని. అందులోనూ నాది ఇంటర్నెట్ విభాగం. బూట్ల పాలిష్ వాళ్ళకి ఒక సైటు చేశాం. తెర మీద బ్రష్షుతో తాతగారి బూట్లు రుద్దుతుంటే అవి తాతగారి మీద చాడీలు చెప్పేవి. మూడు వందల చాడీలూ నేనే రాశాను. లిఫ్టుల కంపెనీ సైటులో ఏ అంతస్తు నొక్కితే ఆ అంతస్తులో పొరుగువాళ్ళు పోట్లాడుకుంటూ కనిపించేవాళ్ళు. పోర్చుగల్‌లోని మా పోర్టో నగరంలో సగం ఆఫీసులు పని మానేసి ఆ తగవులు వింటూ కూర్చున్న రోజులున్నాయి. తర్వాత ఆ సైట్లని నడిపే ప్రోగ్రామునే లోకం వదిలేసింది. కంపెనీలు మూతపడ్డాయి, అడ్రసులు చేతులు మారాయి. బూట్ల సైటు అడ్రసు కొడితే ఇప్పుడు పందుల దాణా అమ్మేవాళ్ళ పేజీ వస్తుంది.

అందుకే ఈ వసంతంలో మా మెట్ల వీధి సంఘం గోడ మీద కాగితం అతికించినప్పుడు అక్కడే నిలబడి దాన్ని మూడుసార్లు చదివాను. జూన్‌లో ఊరంతా చేసుకునే సావ్ జువావ్ పండుగకి పన్నెండు పద్యాలు ఎంచి, నీలం అక్షరాలతో టైళ్ళ మీద రాయించి, మెట్ల పక్క గోడకి అతికిస్తారట. కింద రాసినవాళ్ళ పేరు. మా వీధిలో నెపోలియన్ సైనికుల కంటే ముందు అతికించిన టైళ్ళు ఇంకా ఉన్నాయి. నా పేరు కూడా అలా ఒక్కచోట ఊడిపోకుండా ఉండాలని పిచ్చిగా ఆశపడ్డాను. దాచుకోవడం ఎందుకు, అంతకంటే పెద్ద కోరిక నాకు ఈ ఏడాది ఇంకొకటి లేదు.

ఏది పంపాలో ఆలోచించనక్కరలేకపోయింది. 2007లో సార్డీన్ చేపల డబ్బాల కంపెనీ ఒకటి పండుగకి సైటు అడిగింది. తెర మీద, ఆ పండుగకి ఇంటింటా కొనే మంజెరీకు కుండీ: పిడికెడంత గుండ్రటి తులసి మొక్క, అందులో గుచ్చిన కాగితపు జెండా. మౌస్‌తో ఆకులు నిమిరితే జెండా మీద నాలుగు పాదాల పద్యం విచ్చుకుంటుంది. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ప్రోగ్రాం రాసిన టెల్ము మొక్కకి మరీ ఎక్కువ ఆకులు పెట్టాడు. సైటు తెరుచుకునేటప్పుడు ఒకటి నుంచి వంద దాకా అంకెలు పరిగెత్తాలి. తొంభైతొమ్మిది దాకా పరిగెత్తి అక్కడ బిగుసుకుపోయేది. అర నిమిషం, ఒక్కోసారి నిమిషం. కంపెనీవాళ్ళు మండిపడ్డారు. టెల్ము రెండు రోజులు తిప్పలుపడి చేతులెత్తేశాడు. చివరికి నేనే జనం విసుగెత్తి వెళ్ళిపోకుండా ఆపడానికి ఆ అంకె కింద ఒక పద్యం రాసి పెట్టాను.

తొంభైతొమ్మిది దాకా ఎంచు,
తొందర కాస్త పక్కన ఉంచు;
వాసన ఎక్కడికీ పోదులే,
వలచినవాడూ పోడులే.

దాన్నే చక్కగా రాసి, కింద ఒతీలియా సెర్దెయ్‌రా అని సంతకం పెట్టి సంఘానికి ఇచ్చాను.

వారం తర్వాత సంఘం పెద్ద అబీలియు గారు కబురు పెట్టారు. ఆయన యాభై ఏళ్ళు మా వీధి మంగలి. ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా కళ్ళు వాళ్ళ జుట్టు మీదే ఉంటాయి. నా కాగితాన్ని బల్ల మీద నా వైపు తిప్పి పెట్టారు.

"పద్యం గోడకి ఎక్కుతుందమ్మా. అందులో సందేహం లేదు. కానీ ఈ సంతకం ఏమిటి?"

"నా పేరండీ."

"పేరు నీదే. పద్యం నీది కాదుగా. ఇది పాతకాలం పద్యం. మా నాయనమ్మ చెప్పేది."

ఆయన జాలిగా నా వైపు చూసి, వివరంగా చెప్పడం మొదలుపెట్టారు. "పండుగ ముందు రోజు మంజెరీకు మీద చెయ్యి పెట్టి తొంభైతొమ్మిది దాకా ఎంచాలి. ఎంచి కాసేపు ఆగాలి. అప్పుడు చెయ్యి వాసన చూసుకుంటే అనుకున్నది అవుతుంది. ఈ వీధిలో చంటిపిల్లలకి కూడా తెలుసు. నువ్వు కొత్త ఊరి వైపు పెరిగావు కదా, నీకు తెలియక రాసేసుకున్నావు. తప్పు పట్టనులే."

"ఆ తొంభైతొమ్మిది నాది, అబీలియు గారూ. కంప్యూటర్ బిగుసుకుపోతుంటే రాశాను."

"మా నాయనమ్మ పోయింది యాభై ఎనిమిదిలో. అప్పుడు ఏ కంప్యూటర్ బిగుసుకుపోయిందమ్మా?" అని, పద్యం కింద నా పేరు కొట్టేసి 'పాత పాట' అని రాశారు. తర్వాత నా జుట్టు చివర్లు చిట్లాయని కూడా చెప్పారు.

మెట్లన్నీ దిగేదాకా ఆయన్ని తిట్టుకున్నాను. కింద నిలబడి టెల్ముకి ఫోన్ చేశాను.

"ఒరేయ్, ఆ మొక్క ఎక్కడైనా మిగిలిందా?"

"మా అమ్మ గ్యారేజీలో పాత కంప్యూటర్ ఉంది తల్లీ. దాని మీద ఉల్లిపాయలు ఆరబోసింది. లోపల ఏమున్నాయో దేవుడికే తెలియాలి."

శనివారం మధ్యాహ్నం ఆ కంప్యూటర్ని, పెట్టెంత తెరని మోసుకుంటూ నూట పన్నెండు మెట్లు ఎక్కాం. టెల్ము యాభైకి దగ్గరపడ్డాడు. ప్రతి ఇరవై మెట్లకీ ఒకసారి ఆగి, నీ కీర్తి చాలా బరువుందని నన్ను దెప్పాడు. సంఘం హాల్లో డామినోలు ఆడుకునేవాళ్ళు, కాఫీ కౌంటర్ దగ్గర ఆడవాళ్ళు, మొత్తం ఇరవై మంది దాకా ఉన్నారు. అబీలియు గారు ముందు కుర్చీ వేయించుకుని, గుండు గీయించుకోవడానికి వచ్చినవాడిలా బుద్ధిగా కూర్చున్నారు.

కంప్యూటర్ పనిచేసింది. కాస్త ఉల్లి వాసన కూడా వచ్చింది. తెర మీద అంకెలు మొదలయ్యాయి. ముప్పై, నలభై, డెబ్బై. డామినోల బల్ల దగ్గర ఎవరో పైకే ఎంచడం మొదలుపెట్టారు. ఎనభైకి వచ్చేసరికి హాలంతా గొంతు కలిపింది. తొంభై ఏడు, తొంభై ఎనిమిది, తొంభైతొమ్మిది. అంకె ఆగిపోయింది. హాలూ ఆగిపోయింది. ఒకరిద్దరు కళ్ళు కూడా మూసుకున్నారు.

"ఇది ఇంకా బాగుచెయ్యలేదా నువ్వు?" అని టెల్ము చెవిలో గొణిగాను.

"నువ్వు పద్యం రాసేశావుగా. ఇంకెందుకని వదిలేశాను."

మొక్క వచ్చింది. పదిహేడేళ్ళ తర్వాత కూడా దాని ఆకులు గాలికి కదిలాయి. అంతదాకా అంకె కింద నా పద్యం ఉంది; ఇప్పుడు ఒక మూల సార్డీన్ కంపెనీ గుర్తు, దాని పక్కన 2007. ప్రకటనల్లో రాసినవాళ్ళ పేరు వెయ్యరు కాబట్టి నా పేరు మాత్రం లేదు. అయినా నాకు కళ్ళు చెమర్చాయి. నేను ఒకప్పుడు ఇంత మంచి పని చేశానని నాకే రుజువు దొరికినట్టయింది.

అబీలియు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. లేచి హాలు వైపు తిరిగారు.

"చూశారా, కంప్యూటర్లవాళ్ళకి కూడా మన ఆచారం తెలుసు."

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. "ఆచారం కాదండీ, వీడి ఫైలు బరువు. అందుకే అక్కడ ఆగింది" అన్నాను.

"సరే. బరువైతే నలభై దగ్గర ఎందుకు ఆగలేదు? అరవై దగ్గర ఎందుకు ఆగలేదు? తొంభైతొమ్మిది దగ్గరే ఎందుకు?" అని ఆయన టెల్ముని అడిగారు.

టెల్ము నిజాయితీపరుడు. తల గోక్కుని, "అది నాకూ ఇప్పటిదాకా తెలియలేదండీ" అన్నాడు.

"చూశావా అమ్మా" అన్నారు అబీలియు గారు.

నేను కౌంటర్ దగ్గరికి పోయి కాఫీ అడిగాను. కాఫీ ఇచ్చింది ఎర్మీనియమ్మ, అబీలియు గారి భార్య. చక్కెర పొట్లం నా ముందుకు తోస్తూ గొంతు తగ్గించింది.

"అమ్మాయ్, వాళ్ళ నాయనమ్మకి ముప్పైకి మించి లెక్క రాదు. నేనూ ఈ వీధిలోనే పుట్టాను, చిన్నప్పుడు ఆవిడని చూశాను. గుడ్లు కూడా ముప్పై ముప్పైగా ఎంచేది."

కప్పు కింద పెట్టేశాను. "ఆ మాట అందరి ముందూ చెప్తారా?"

"చెప్పమంటే చెప్తాను. నాకేం భయమా." ఆమె కౌంటర్ని గుడ్డతో ఒకసారి తుడిచింది. తుడిచినచోటే మళ్ళీ తుడిచింది. "మా చిన్నమ్మాయి ఆఫీసు కంప్యూటర్‌లో ఎక్కడో చూసి, మా కుండీ జెండా మీద రాసుకొచ్చింది ఆ పద్యం. ఆ ఏడాది ఈయన మొదటిసారి నా చెయ్యి పట్టుకుని మొక్క మీద పెట్టి ఎంచాడు. అప్పటినుంచి ఏటా ఎంచుతాడు. ఈ మనిషి ఊళ్ళోవాళ్ళందరి తలలూ పట్టుకున్నాడు గానీ, నా చెయ్యి పట్టుకోవడానికి ముప్పై ఏళ్ళు తీరిక లేకపోయింది. నాయనమ్మది అనుకున్నాడు కాబట్టి పట్టుకున్నాడు. చేపల డబ్బాలవాళ్ళదని తెలిస్తే సిగ్గుపడి మానేస్తాడు. అయినా పేరు నీది, ఇష్టం నీది. చెప్పమంటావా?"

వెనక్కి తిరిగి చూశాను. అబీలియు గారు టెల్ముని పక్కకి జరిపి, మౌస్ పట్టుకుని, సైటుని మళ్ళీ మొదటినుంచి తెరుస్తున్నారు. డామినోలవాళ్ళు మళ్ళీ ఎంచుతున్నారు. నాకు పేరు కావాలి. అప్పటికీ కావాలి. కాఫీ పూర్తిగా తాగేదాకా కావాలనే అనుకున్నాను.

"వద్దులెండి. ఇంకొంచెం చక్కెర ఇవ్వండి" అన్నాను.

టైళ్ళు జూన్ ఇరవై రెండున గోడకెక్కాయి. నాది ఏడోది. కింద నీలం అక్షరాలతో 'పాత పాట' అని ఉంది. పక్క టైలు మీద ఎవరో రిటైరైన మాస్టారి పేరు దర్జాగా ఉంది. పద్యం మాత్రం చప్పగా ఉంది. ఈ మాట అసూయతో అంటున్నానని నాకు తెలుసు, అయినా అంటాను.

మర్నాడు, అంటే పండుగ ముందు రోజు మధ్యాహ్నం, టెల్ముతో కలిసి మెట్ల కింద సంతలోకి వెళ్ళాను. అప్పుడే నిప్పుల మీద కాలుతున్న సార్డీన్ల పొగ లేస్తోంది. ఈ పండుగకి అలవాటైన ప్లాస్టిక్ సుత్తులతో పిల్లలు దొరికినవాళ్ళ నెత్తిన దొరికినట్టు కొడుతున్నారు. ఎప్పుడూ చూడని ఒక పల్లెటూరి ఆవిడ బండి నిండా మంజెరీకు కుండీలు పెట్టుకుని అమ్ముతోంది. ఒకటి ఎంచుకున్నాను. ఆకుల మీద అరచెయ్యి రాసి ముక్కు దగ్గర పెట్టుకోబోతుంటే ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

"ఏంటమ్మా ఆ తొందర? ఎంచకుండా వాసన చూస్తారా ఎవరైనా? ఈ ఊరు కాదా మీది?"

"ఈ ఊరేనండీ."

"మరి ఇంట్లో పెద్దవాళ్ళెవరూ నేర్పలేదా?"

టెల్ము నా వెనక నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నాడు. నాకూ నవ్వు తన్నుకొచ్చింది. ఏ నగరం ఏ పద్యం కింద ఎవరి పేరు రాసుకున్నా నాకు ఫరవాలేదనిపించేంత సంతోషం వేసింది.

"లేదండీ, ఎవరూ నేర్పలేదు. మీరు నేర్పండి" అన్నాను.

ఆవిడ నా చెయ్యి తీసుకుని మొక్క మీద పెట్టింది. పైన తన చెయ్యి పెట్టింది, మట్టితో గరుగ్గా ఉంది. ఒకటి నుంచి మొదలుపెట్టి, ఒక్క అంకె కూడా వదలకుండా, బండి చుట్టూ నిలబడ్డవాళ్ళంతా వింటుండగా నా చేత ఎంచించింది. నేను మధ్యలో రెండుసార్లు తప్పాను, రెండుసార్లూ దిద్దింది.

"తొంభైతొమ్మిది. ఇప్పుడు ఆగాలి" అంది.

ఆగాను.