ఓడ సామానుకి మైలేంటి

"ముందు సత్యకుమారి గారికివ్వు కాఫీ" అన్నారు మా ఆయన, వసారాలోకి తొంగిచూసి. పెళ్ళయిన ఇన్నేళ్ళలోనూ నాకు ఆయన నోట వచ్చిన పిలుపు "ఏమేవ్". నిన్నగాక మొన్న పనిలో చేరిన పిల్లకి మాత్రం గారూ, మీరూ, ముందుగా కాఫీ. ఇచ్చాను. నాకు కుళ్ళే. దాచుకుంటే మాత్రం తగ్గుతుందా?

"మగాణ్ణి ఓ కంట కనిపెట్టుకుని ఉండు వరహాలూ" అంది పక్కింటి బుజ్జమ్మ. పిచ్చిది. నాకు కంట్లో నలుసైంది మా ఆయన కాదు, ఆ పిల్ల కూర్చున్న స్టూలు. అది నాది.

రాజమండ్రిలో, మా ఇంటి వీధిగదిలోనే మా ఆయనకి రేడియో రిపేరు షాపు. కిందటేడు విశాఖపట్నం నుంచి ఒక కాంట్రాక్టరు నేవీ పని తెచ్చాడు. మన గోదావరి పేరు పెట్టిన క్షిపణుల యుద్ధనౌక ఒకటి వచ్చిందట, అలాంటివే ఇంకా కడుతున్నారట. వాటి స్పేరు పార్టుల్లో కొన్ని సర్క్యూట్ కార్డులకి టంకం పెట్టాలి. ఆయనకి షాపుతోనే తీరదు. పెరటి వసారాలో నెలకి మూడు రోజులు నేను బయట చేరి ఊరికే కూర్చుంటానుగా. "దాన్ని పెట్టుకోరా. ఓడ సామానుకి మైలేంటి" అని అత్తగారే సలహా చెప్పారు. మంచినీళ్ళ బిందె ముట్టకూడదు, ఆవకాయ జాడీ దరిదాపులకి పోకూడదు. దేశాన్ని కాపాడే సామాను మాత్రం ముట్టుకోవచ్చు.

లోపల నవ్వుకుంటూనే నేర్చుకున్నాను. టంకం కరిగి, తీగ చుట్టూ మెరిసి గట్టిపడుతుంటే చూడటం ఎంత బాగుండేదో. వంటింట్లోంచి ఎవరూ పిలవరు, పిలిచినా వెళ్ళకూడదు. అంత సుఖం నేను పుట్టింట్లో కూడా ఎరగను. ఆడవాళ్ళంతా విసుక్కునే ఆ మూడు రోజుల కోసం నేను నెలంతా ఎదురుచూసేదాన్ని.

నా కార్డులన్నీ తనిఖీలో పాసయ్యాయి. ఆర్డరు పెరిగింది. పెరిగిన ఆర్డరుకి కాకినాడలో డిప్లొమా చదివిన సత్యకుమారిని తెచ్చారు.

"రోజూ నేనే చేస్తానండి" అన్నాను.

"మరి వంటెవరు చేస్తారు? ఇహ నీకు విశ్రాంతి" అన్నారు, ఏదో వరమిచ్చినట్టు.

ఈ నెల బయట చేరినప్పుడు చాప మీద కూర్చుని ఆ పిల్ల వేళ్ళకేసి చూస్తూ గడిపాను. దాన్ని ఏ రోజని ఎవరూ అడగరు. నెలంతా దానిదే. అసూయతో అన్నం సయించలేదు నాకు. నాలుగో రోజు తలంటుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికే చేరాను.

ఆ కాఫీ గ్లాసులు కడిగిన మర్నాడు, పొయ్యి వెలిగించబోయి ఆగిపోయాను. అగ్గిపెట్టె గట్టు మీద పెట్టేసి, షాపులోంచి ఇంకో స్టూలూ, ఇంకో సోల్డరింగ్ ఐరనూ తెచ్చుకుని వసారాలోకి వెళ్ళాను.

"కాస్త జరగమ్మా" అన్నాను. సత్యకుమారి స్టూలు పక్కకి జరుపుకుంది.

అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. "ఇదేంటే, ఇంకా పొయ్యి వెలగలేదు?"

"బయట చేరానండి. దగ్గరికి రాకండి."

"మొన్నేగా తలంటుకున్నావు. మళ్ళీ ఏంటి? ఎన్నాళ్ళు?"

ఐరన్ వేడెక్కింది. కార్డు నా ముందుకి లాక్కున్నాను.

"ఈసారి ఆగేలా లేదండి, అత్తయ్యగారూ."